క్షేత్ర కేంద్రాల్లో సింగిల్ బోర్డ్ కంప్యూటర్లు: వెబ్ సర్వర్ ప్రతిస్పందనలో జాప్యం

నేల తేమ, ఉష్ణోగ్రత సెన్సర్ల చెంతనే చిన్న సింగిల్ బోర్డ్ కంప్యూటర్‌ను ఉంచి, నమోదైన విలువలను వెబ్ పేజీగా చూపడం 2012లో బ్రిటన్‌లో రాస్ప్‌బెర్రీ పై విడుదలైన తరువాత సులభసాధ్యమైంది. అయితే విత్తిన కొత్తలో వెంటనే తెరుచుకున్న పేజీ, పంట కోతకు వచ్చేసరికి కొన్ని సెకన్లు తీసుకోవచ్చు. దీనికి ప్రాసెసర్‌ను తప్పుపట్టి కొత్త బోర్డు కొనడం తొందరపాటే.

అభ్యర్థన పంపిన క్షణం నుండి సమాధానంలోని తొలి బైటు అందే వరకు పట్టే కాలాన్ని ఇక్కడ జాప్యంగా పరిగణించాలి. దీనిని సగటుతో అంచనా వేయడం తగదు. నూరు అభ్యర్థనలలో 95 అభ్యర్థనలకు 20 మిల్లీసెకన్లు, మిగిలిన 5 అభ్యర్థనలకు 2 సెకన్లు చొప్పున పట్టాయనుకుంటే సగటు 119 మిల్లీసెకన్లు. ఆ నూరింటిలో ఏ ఒక్కదానికీ నిజంగా అంత కాలం పట్టలేదు. కాబట్టి మధ్యగతాన్ని, దానితోపాటు అత్యధిక విలువలను చూడాలి.

కారణాలలో మొదట అనుమానించవలసినది మెమరీ కార్డు. ప్రతి రీడింగును డేటాబేస్ కార్డుపై స్థిరంగా రాసే వరకు వేచి ఉంటుంది. కార్డు లోపల పాత బ్లాకులు చెరిపే పని సాగుతున్నంతసేపు పేజీ కోసం చదవవలసిన అభ్యర్థనలూ వరుసలో నిలుస్తాయి. పది రీడింగులను ఒకే లావాదేవీగా రాస్తే ఈ భారం బాగా తగ్గుతుంది. కానీ మధ్యలో విద్యుత్ పోతే ఆ పది రీడింగులూ పోతాయి. నీటి యాజమాన్య ప్రయోగంలో ఇది చిన్న విషయం కాదు. ఎంత నష్టం సహించవచ్చో నిర్ణయించవలసినది ప్రయోగకర్తే, ప్రోగ్రామర్ కాదు.

రెండవది పెరిగే పట్టిక. నిమిషానికొక రీడింగు చొప్పున 120 రోజుల పంటకాలంలో 1,72,800 వరుసలు చేరుతాయి. సమయపు నిలువు వరుసకు ఇండెక్స్ లేకపోతే, నేటి విలువలు చూపడానికి కూడా పట్టిక మొత్తాన్ని వెదకవలసి వస్తుంది. పంటతోపాటు జాప్యమూ పెరగడానికి కారణం ఇదే. ఇండెక్స్ ఏర్పరచి, గ్రాఫును ప్రతి సందర్శనకూ కొత్తగా గీయకుండా ఐదు నిమిషాలకొకసారి సిద్ధం చేసి ఫైలుగా ఉంచితే చాలు.

మూత వేసిన పెట్టెలో వేసవి ఎండకు చిప్ ఉష్ణోగ్రత 80 డిగ్రీల సెల్సియస్ దాటితే రాస్ప్‌బెర్రీ పై తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. నాసిరకం అడాప్టరు వల్ల వోల్టేజీ పడిపోయినా అదే జరుగుతుంది. వైఫైలో విద్యుత్ పొదుపు అమరిక కూడా జాప్యాన్ని పెంచగలదు.

కారణాన్ని వేరుచేయడానికి ఒకే పేజీని మొదట బోర్డు లోపలి నుండే, తరువాత కేబుల్ ద్వారా, చివరకు వైఫై ద్వారా కోరి కాలాన్ని కొలవాలి. మొదటి కొలతలోనే జాప్యం కనిపిస్తే నెట్‌వర్కును వదిలి కార్డునూ పట్టికనూ పరిశీలించాలి. ఈ కొలతలను ఉదయం ఒకసారి, మధ్యాహ్నం రెండు గంటలకు మరొకసారి తీసుకుంటే ఎండ ప్రభావం కూడా బయటపడుతుంది.