లినక్సునందలి లిపిదోషముల నివేదన: బళ్ళారి సీమ పాఠకుని పాత్ర

1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమున చేరగా, బళ్ళారి మైసూరునకు చెందినది. ఎల్లలు మారినను ఆ సీమయందు తెలుగు, కన్నడము రెండును చదువువారు నేటికిని కలరు. లినక్సు కంప్యూటరుపై రెండు లిపులను వ్రాయు అట్టి సామాన్యునకు, ప్రోగ్రాము రచింపనేరకున్నను, ప్రోగ్రామును రచించిన విదేశీయునకు గోచరింపని దోషము గోచరించును. దానినే బగ్గు అందురు. అయితే కంటికి వింతగా తోచిన దెల్ల దోషము గాదు.

‘తర్కము’ అను పదమే యిందుకు నిదర్శనము. కన్నడమున రేఫము ‘క’ తరువాత అర్కావొత్తుగా నిలుచును. నేటి తెలుగున రకారము పైన నిలిచి, కకారము క్రింద వత్తగును. పూర్వపు తెలుగు ముద్రణములలో కన్నడమునందువలెనే వలపలగిలక కానవచ్చును. యూనికోడునందు తెలుగునకు 128 స్థానములును, వెన్నంటియే కన్నడమునకు 128 స్థానములును కేటాయింపబడినవి. (ఈ సరిహద్దునకు కమిషను వేయవలసిన పని కలుగలేదు!) ఇరుగుపొరుగు లిపులైనను రేఫవిషయమున నియమము వేరు. ర, పొల్లు, క వరుసగా వచ్చినచో కన్నడమున అర్కావొత్తు తనంతట నేర్పడును. తెలుగున వలపలగిలక కావలెనన్న, పొల్లు తరువాత కలిపెడు అదృశ్యసంకేతము నొకదానిని చేర్చవలెను. కావున కన్నడమునకు అలవడిన కన్ను, తెలుగున అది రాలేదని ఫిర్యాదు చేయుట తగదు.

పొల్లుతో రకారము విడిగా నిలిచి, ‘క’ ప్రక్కన పూర్ణాక్షరమై కనబడినచో అప్పుడు శంకింపవలెను. టైపు చేయునపుడు విడదీసెడు అదృశ్యసంకేతము చొరబడి యుండవచ్చును. ఫాంటునందు వత్తురూపము లోపించి యుండవచ్చును. అక్షరములను కూర్చెడు భాగమే తప్పియుండవచ్చును. మొదట పదమును మరల టైపు చేయవలెను. పిమ్మట ఫాంటును మార్చి, పోతన 2000తోను, లోహిత్‌తోను చూడవలెను. ఒక ఫాంటుతో మాత్రమే దోషము కనబడినచో నివేదిక ఆ ఫాంటుకర్తకు చేరవలెను. అన్ని ఫాంటులతోను కనబడినచో ప్రోగ్రామును మార్చి చూడవలెను. లిబ్రె ఆఫీసు, ఫైర్‌ఫాక్సు రెండును అక్షరముల కూర్పునకు హార్ఫ్‌బజ్ అను భాగమునే వాడుచున్నవి. రెండింటను తప్పు వచ్చినచో అనుమానము దానిపైకి పోవును. ఒకదానియందే వచ్చినచో ఆ ప్రోగ్రాముపైననే నిలుచును.

“తెలుగు సరిగా కనబడుటలేదు” అను నివేదిక యెవరికిని పనికిరాదు. లినక్సు పంపిణీ యేది, ప్రోగ్రాము, ఫాంటు ఏ సంచికలవి, ఏమి చేయగా ఏమి కనబడెను, ఏమి కనబడవలసి యుండెను అనునవి తెలుపవలెను. తెలుగెరుగని వానికై సరియైన రూపమును అచ్చుపుస్తకమునుండి చూపుట మేలు. బొమ్మతోపాటు ఆ పదమును అక్షరములుగనే జతపరుపవలెను, ఏలయన అదృశ్యసంకేతములు బొమ్మయందు కానరావు. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోనులయందు ప్రోగ్రాములను కూల్చిన ‘జ్ఞా’ అను కూర్పున, ‘జ్ఞ’కును దీర్ఘమునకును నడుమ అట్టి సంకేతమే దాగియుండెను.

డెబియన్ వాడువారికి రిపోర్ట్‌బగ్ అను సాధనము సంచికల వివరములను తానే సేకరించి యిచ్చును. ఆ నివేదిక బహిరంగమైనది. పంపినవాని ఈమెయిలు చిరునామా సైతము అందు కనబడును. దోషము ఇదివరకే నమోదై యున్నచో క్రొత్తది పంపక, పాతదానికే తన సాక్ష్యమును చేర్చవలెను. అభివృద్ధికారుడు మరల ప్రశ్నించినపుడు బదులీయనిచో నివేదిక మూతపడుట కలదు. సవరణ జరిగినను, అది స్థిరసంచికను వాడువాని యంత్రమునకు చేరుటకు తరువాతి విడుదల వరకు వేచియుండవలసి రావచ్చును.