తనిఖీ వారంలో వచ్చే గ్లౌజులు: ఆపరేషన్ థియేటర్ నాణ్యతను పేట వైపు నుంచి చూస్తే

ఆసుపత్రికి తనిఖీ బృందం వస్తోందని అందరికంటే ముందు గోడలు చెబుతాయి. పాత సున్నం మీద కొత్త రంగు పడుతుంది. మూడు నెలలుగా చిరిగిన గ్లౌజులతో రక్తం గుడ్డల సంచులు మోసిన అక్కకు ఆ వారం కొత్త గ్లౌజులు, గమ్‌బూట్లు వస్తాయి. బృందం కారెక్కాక అవి మళ్లీ స్టోర్‌రూమ్‌కి వెళ్లిపోతాయి. మేము కళ్లారా చూశాం. ఆసుపత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. తనిఖీ అంటే ఏమిటో తెలిస్తే ఆ గమ్‌బూట్లు ఎందుకు ఉండాలో, ఎందుకు ఉండడం లేదో మనమే అడగవచ్చు.

ప్రభుత్వ ఆసుపత్రులకు జాతీయ నాణ్యతా ప్రమాణాలు, అంటే ఎన్‌క్వాస్, 2013 నుంచి ఉన్నాయి. ప్రైవేటు ఆసుపత్రులు ఎక్కువగా వెళ్లేది ఎన్‌ఏబీహెచ్ గుర్తింపుకు. ఆ బోర్డు 2005లో ఏర్పడింది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో మన వాళ్లు ఉదయం వెళ్లి సాయంత్రానికో మర్నాటికో ఇల్లు చేరే ఆపరేషన్లు మూడు: కంటి శుక్లం, బోదకాలు దోమ పుణ్యమా అని డెల్టాలో ఎప్పటినుంచో ఉన్న బుడ్డ, ఆడవాళ్ల కుటుంబ నియంత్రణ. అందరూ వీటిని చిన్న ఆపరేషన్లు అంటారు.

చిన్నవి అనే ఆ మాటే ప్రమాదం. 2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. రోజుల వ్యవధిలో నలుగురు చనిపోయారు. విచారణ ఇన్ఫెక్షన్ వైపు వేలు చూపింది. అప్పటికి ఆరేళ్ల ముందే, 2016 సెప్టెంబరులో, దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపేయమంది. బీహార్‌లో ఒక బడిలో ఒకే రాత్రి 53 మందికి ఆపరేషన్లు చేసిన ఘటన మీద వచ్చిన తీర్పు అది. శిబిరాల్లో బల్లల మీద పడుకునేది ఎవరో మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఎన్‌క్వాస్‌లో ఎనిమిది విభాగాలు ఉంటాయి. అందే సేవలు, రోగి హక్కులు, వనరులు, సహాయక సేవలు, వైద్యం, ఇన్ఫెక్షన్ నియంత్రణ, నాణ్యత నిర్వహణ, ఫలితాలు. తనిఖీ చేసేవాళ్లు నాలుగు రకాలుగా చూస్తారు: కళ్లతో, రికార్డులతో, సిబ్బందిని అడిగి, రోగిని అడిగి. ఒక్కో అంశానికి పూర్తిగా ఉంటే 2, సగం ఉంటే 1, లేకపోతే 0. మొత్తం మీద 70 శాతం రావాలి. సర్టిఫికెట్ మూడేళ్లు ఉంటుంది.

థియేటర్‌లో గోడల రంగు కంటే ముఖ్యమైనది ఆటోక్లేవ్. ఉడికించిన కట్ట మీద టేపు రంగు మారితే వేడి తగిలిందని మాత్రమే అర్థం. సూక్ష్మజీవులు నిజంగా చచ్చాయో లేదో తేల్చడానికి స్పోర్ పరీక్ష వేరే ఉంటుంది. దాని రిజిస్టరు తెరిస్తే తేదీలు అబద్ధం ఆడలేవు. అన్ని తేదీలూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉన్నాయంటే మాత్రం అది తనిఖీ ముందు రాత్రి పుట్టిన రిజిస్టరే.

ఇక చెత్త. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనలు పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగులతో ఆగిపోలేదు. ఆ వ్యర్థాలు ముట్టుకునే ప్రతి మనిషికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి, ఉద్యోగంలో చేరేటప్పుడూ ఆ తర్వాత ఏడాదికోసారీ ఆరోగ్య పరీక్ష చేయించాలి, రక్షణ సామగ్రి ఇవ్వాలి. ఈ బాధ్యత ఆసుపత్రిదే. ఆమె ఏజెన్సీ మనిషి, మాకు సంబంధం లేదు అనడానికి అక్కడ వీల్లేదు. ఈ పనిలో ఎక్కువగా ఉన్నది మాల, మాదిగ ఆడవాళ్లు. సూది గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలో తెలియని వాళ్లు, చెబితే కాంట్రాక్టు పోతుందని భయపడే వాళ్లు. మాకు తెలిసినంతలో ఏ ఆసుపత్రి నిజాయితీనైనా కొలవడానికి టీకా కార్డుల ఫైలును మించిన కొలత లేదు.

రోగి హక్కుల విభాగాన్ని విద్యార్థులు ప్రత్యేకంగా చదవాలి. సామాజిక, ఆర్థిక కారణాలతో ఎవరికీ సేవ అడ్డుకోకూడదని, గౌరవం, గోప్యత కాపాడాలని, అర్థమయ్యే భాషలో చెప్పి సమ్మతి తీసుకోవాలని అందులో ఉంది. చట్టం అంతకన్నా ముందే చెప్పింది. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 5 ప్రకారం అంటరానితనం పేరుతో ఆసుపత్రిలో చేర్చుకోకపోవడమే కాదు, చేర్చుకున్నాక వివక్ష చూపించడం కూడా నేరం. మంచం మూలకు వేయడం, పేట పేరు అడిగి గొంతు మార్చడం తనిఖీ షీటులో గడి దొరకని విషయాలు. అందుకే రోగిని అడిగే ఆ కొద్ది నిమిషాలు విలువైనవి. ఆసుపత్రి ఎంచి కూర్చోబెట్టిన రోగినే అడిగితే ఆ విలువ పోయినట్టే.

ఒకరోజు ఆపరేషన్‌లో చివరి గంట ఇంకా కష్టం. మత్తు పూర్తిగా దిగాలి, వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే మూత్రం రావాలి, తోడు మనిషి ఉండాలి, జాగ్రత్తలు తెలుగులో రాసి ఇవ్వాలి, రాత్రి ఫోన్ చేస్తే ఎత్తే నంబరు ఉండాలి. ఈ పద్ధతంతా గుమ్మం దాకా కారు వెళ్లే ఇంటిని ఊహించుకుని రాసింది. వరద రోజుల్లో రేవు దాటి, పడవెక్కి లంకలో ఇల్లు చేరాల్సిన ఆమెకు రాత్రి పదకొండుకు జ్వరం వస్తే నంబరు ఒక్కటీ ఏం చేస్తుంది? అలాంటి వాళ్లను ఆ రాత్రి ఉంచుకునే నిర్ణయం డిశ్చార్జి కాగితంలోనే ఉండాలని మా వాదన.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ఆసుపత్రి తనకు తాను వేసుకున్న ఎన్‌క్వాస్ మార్కుల షీటు, లోపాలు సరిదిద్దే ప్రణాళిక, గత ఏడాది స్పోర్ పరీక్షల నకళ్లు, పేర్లు లేకుండా పారిశుధ్య కార్మికుల టీకా వివరాలు, సూది గాయాల రిజిస్టరు అడగండి. సూది గాయాల రిజిస్టరులో ఏడాదంతా ఒక్క నమోదు కూడా లేకపోతే సంతోషపడకండి. వెళ్లి అక్కల చేతులు చూడండి.