ఆన్‌లైన్ ఆటకు ఆయువు సర్వరే!
జనం తగ్గినంత మాత్రాన ముగిసినట్లు కాదు
నిషేధం తర్వాతా బతికినవి ఉన్నాయి

మైలవరం: ఏదైనా సెల్‌ఫోన్ ఆటలో జనం పలచబడగానే ‘ఆ ఆట చచ్చిపోయింది’ అనడం కుర్రకారుకు అలవాటు. సంస్థ కొత్త హంగులు చేర్చడం మానేసినా, ప్రభుత్వం నిషేధించినా అదే మాట వినిపిస్తుంది. నిజానికి ఈ మూడూ వేర్వేరు స్థితులు. ఆటలోని తుపాకులకు, దుస్తులకు డబ్బు వెచ్చించిన వారికి ఈ తేడా తెలియడం అవసరం.

మైలవరానికి పొరుగునున్న కొండపల్లిలో పొణికి చెక్కతో చేసిన బొమ్మను కొని తెచ్చుకుంటే, దాన్ని చేసిన కళాకారుడు పని మానుకున్నా బొమ్మ మన ఇంట్లోనే ఉంటుంది. ఆన్‌లైన్ ఆట అలాంటిది కాదు. ఫోనులోకి దించుకున్నది అందులో ఒక భాగం మాత్రమే. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఎవరి గుండు ఎవరికి తగిలింది, ఎవరి ఖాతాలో ఏ వస్తువులున్నాయి అన్న లెక్కంతా సంస్థ నడిపే సర్వరులో ఉంటుంది. అది ఆగిన రోజున ఫోనులో మిగిలేది బొమ్మ గుర్తొక్కటే.

పబ్జీ నేర్పిన పాఠం

మన యువతకు బాగా తెలిసిన ఉదాహరణ పబ్జీ మొబైల్. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో అదొకటి. అయితే ఆట ఆ రోజే ఆగలేదు. అప్పటికే ఫోనులో ఉన్నవారు మరికొన్ని వారాలు ఆడారు. అక్టోబరు 30న భారతీయుల ఖాతాలకు సేవలు నిలిపివేయడంతో తెరపడింది. ఇతర దేశాల్లో మాత్రం అదే ఆట యథావిధిగా సాగింది. 2021 జులై 2న దక్షిణ కొరియా సంస్థ క్రాఫ్టన్ దాన్నే ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ పేరుతో మన దేశానికి తెచ్చి, పాత ఖాతాల్లోని వస్తువులను తరలించుకొనే వీలు కల్పించింది. 2022 జులై 28న ఇదీ యాప్ దుకాణాల నుంచి మాయమైంది. కానీ సర్వర్లు నడుస్తుండటంతో ఉన్నవారు ఆడుతూనే ఉన్నారు. 2023 మే నెలలో తిరిగి వచ్చింది. అంటే దుకాణంలో కనిపించకపోవడం వేరు, ప్రాణం పోవడం వేరు.

ఫ్రీ ఫైర్‌ది మరో తీరు. 2022 ఫిబ్రవరిలో దానిపై నిషేధం పడినా, ‘ఫ్రీ ఫైర్ మ్యాక్స్’ అందుబాటులోనే ఉంది. పాత ఖాతా అందులోనూ పనిచేసింది. పేరు పోయింది, ఆట మిగిలింది.

ఇక జనం తగ్గడం సంగతి. చదరంగానికి ఇద్దరు చాలు. వంద మంది ఒకేసారి దిగే యుద్ధపు ఆటకు అది కుదరదు. మనుషులు చాలనప్పుడు కంప్యూటరు నడిపే డొల్ల ఆటగాళ్లతో ఖాళీలు నింపుతారు. నిపుణులకు రుచించదు గానీ, ఆట నడుస్తున్నట్లే లెక్క.

తాళం ఎవరి చేతిలో?

అసలైన ముగింపు ఎలా ఉంటుందో 2014లో విడుదలైన ‘ది క్రూ’ అనే కార్ల పందేల ఆట చూపింది. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేయడంతో, డబ్బిచ్చి కొన్నవారు ఒంటరిగా ఆడుకొనే అవకాశం కూడా లేకపోయింది. దీంతో మొదలైన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమానికి 2025 జులై నాటికి ఐరోపాలో 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. సేవ ఆపినా ఆట పనిచేసేలా వదలాలన్నది వారి కోరిక. న్యాయమైన కోరికే.

ఇందుకు భిన్నంగా, 2012 నవంబరు 30న మూతపడిన ‘సిటీ ఆఫ్ హీరోస్’ను అభిమానులు తమ సొంత సర్వర్లపై నడిపారు. 2024 జనవరిలో హక్కుదారు సంస్థే వారిలో ఒక బృందానికి అనుమతినిచ్చింది. ఒకప్పటి నెట్‌కేఫ్‌లలో తీగలతో కలిపిన కంప్యూటర్లపై ఆడిన కౌంటర్ స్ట్రైక్‌కు ఈ బెడదే లేదు. ఆ గదిలోని ఒక కంప్యూటరే సర్వరయ్యేది.

ఈ ఊరికి తెలిసిన పోలికా ఉంది. జమీందారుల పోషణలో పేరుగాంచిన మైలవరం బాలభారతీ నాటక సమాజం నేడు లేదు. పద్యనాటకాల ప్రతులు మాత్రం జనం చేతుల్లో ఉన్నాయి కనుక, గొంతున్నవారు ఎక్కడైనా ప్రదర్శించుకోవచ్చు. ఆన్‌లైన్ ఆటలో ఆ ప్రతి సంస్థ దగ్గరే ఉంటుంది.

ముందే పసిగట్టేదెలా?

ఫేస్‌బుక్‌లో పంటలు పండించిన ‘ఫామ్‌విల్’ను గుర్తుచేసుకుంటే చాలు. మూసివేతను 2020 సెప్టెంబరులో ప్రకటించారు. నవంబరు 17 నుంచి డబ్బు తీసుకోవడం ఆపారు. డిసెంబరు 31న ఆట ఆగింది. ఆటలోని నాణేల అమ్మకం నిలిపివేశారంటే గడువు దగ్గరపడినట్లే భావించి, ఖాతాలో మిగిలినవి ఆలోపే వాడుకోవాలి. దుకాణాల నుంచి తొలగించిన ఆటను తిరిగి ఇప్పిస్తామంటూ వచ్చే లింకులను తెరవకపోవడం మంచిది. వాటి ద్వారా ఫోనులోని సమాచారం పరుల పాలయ్యే ప్రమాదముంది.