పెట్టె కన్నా కన్ను మిన్న

తొలి కెమెరా కొనేవారు మెగాపిక్సెళ్ల లెక్కలో పడి లెన్సును పట్టించుకోవడం లేదు. దాని ఖరీదెంతో పెళ్లిపందిట్లో తెలుస్తుంది

తెల్లవారుజామున ముహూర్తం. పందిట్లో రంగు బల్బులు, నాలుగు ట్యూబులైట్లు. వధూవరులు ఒకరి తల మీద మరొకరు జీలకర్ర, బెల్లం పెట్టే ఘట్టం కొన్ని క్షణాలే. వాయిదాల మీద కొన్న కొత్త కెమెరాతో మొదటి ఆర్డరుకు వచ్చిన కుర్రాడు బటన్ నొక్కుతాడు. తెర మీద ముఖాలు బాగానే ఉంటాయి, కదిలిన చేతులే మసకగా ఉంటాయి. ఇంకోసారి పెట్టించమని పురోహితుణ్ని అడిగే వీల్లేదు. అడ్వాన్సు తప్ప మిగతా సొమ్ము చేతికి రాదు.

ఇలాంటప్పుడు నింద కెమెరా మీద పడుతుంది. ఇంకా ఖరీదైన మోడల్ కొనాల్సిందని స్నేహితులు సలహా ఇస్తారు. నిజానికి తప్పు చాలాసార్లు కెమెరాకు తగిలించిన లెన్సుది. కొత్తవారికి దుకాణంలో కెమెరాతో కలిపి ఇచ్చేది 18-55 ఎంఎం జూమ్ లెన్సు. దాని నుదుటి మీద ఎఫ్/3.5-5.6 అని రాసి ఉంటుంది. ఎఫ్ పక్కన ఉన్న అంకె తగ్గేకొద్దీ లెన్సు రంధ్రం పెద్దదవుతుంది, లోపలికి వచ్చే వెలుగు పెరుగుతుంది. 50 ఎంఎం దగ్గర ఈ లెన్సు ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు. అదే 50 ఎంఎంకు పరిమితమైన, జూమ్ లేని చిన్న ఎఫ్/1.8 లెన్సు దాదాపు పది రెట్ల వెలుగును లోపలికి రానిస్తుంది. అంటే మొదటి లెన్సుతో సెకనులో పదో వంతు తెరిచి ఉంచాల్సిన షట్టర్‌ను రెండోదానితో నూరో వంతుకే మూసేయవచ్చు. కదిలే చేతులు మసకబారడానికీ నిలవడానికీ తేడా అక్కడే ఉంది.

లెన్సులో వణుకును అడ్డుకునే ఏర్పాటు ఉందిగా అని అమ్మకందారు అనవచ్చు. అది ఫొటో తీసేవారి చేతి వణుకును సరిదిద్దుతుంది. పెళ్లికూతురి చేతిని ఆపలేదు. ఐఎస్ఓ పెంచుకోవచ్చన్నదీ నిజమే కానీ, 800 సరిపోయే చోట 8,000 దాకా వెళితే చిన్న సెన్సర్ ఉన్న చౌక కెమెరాల్లో చర్మం మీద ఇసుక చల్లినట్టు చుక్కలు తేలతాయి. కెమెరా నెత్తిన ఉండే బుల్లి ఫ్లాష్ కొద్ది మీటర్లు దాటితే చేతులెత్తేస్తుంది. దగ్గరలో వాడితే ముఖాలు సున్నం కొట్టినట్టు తేలిపోతాయి. పెళ్లి ఫొటోలు తీసేవారు విడిగా పెద్ద ఫ్లాష్ పెట్టుకునేది అందుకే. అదీ అదనపు ఖర్చే.

కొత్త తరం మిర్రర్‌లెస్ కెమెరాలతో ఈ బెడద తీరలేదు. కొంత పెరిగింది కూడా. కెనాన్ ఆర్50, ఆర్100లతో వచ్చే 18-45 ఎంఎం లెన్సు చివర ఎఫ్/6.3 దగ్గర ఆగిపోతుంది. నికాన్ తన చిన్న జడ్ శ్రేణి కెమెరాలతో ఇచ్చే 16-50దీ అదే తీరు. జేబులో పట్టేంత చిన్నగా చేయడానికి కంపెనీలు కోత పెట్టింది వెలుగుకే.

అయితే అందరికీ కెమెరా అవసరమా అన్నది ముందు తేల్చుకోవాల్సిన సంగతి. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్‌కు వెళ్లాయి. 2023లో ఆ సంఖ్య 80 లక్షలు దాటలేదు. మిగతా పనంతా ఫోను మింగేసింది. తిరుపతి ప్రయాణానికీ, పిల్లల పుట్టినరోజుకూ ఫోను చాలు. మసక వెలుగులో కదిలేవాటిని పట్టాలన్నా, దూరంగా ఉన్న పిట్టను దగ్గరకు తేవాలన్నా, తీసిన ఫొటోను గోడంత అచ్చు వేయాలన్నా మాత్రమే కెమెరా పెట్టిన డబ్బుకు తగిన పని చేస్తుంది. ఈ మూడింటిలో తనకు కావలసింది ఏదో తెలిస్తే లెన్సు ఎంపిక సగం అయిపోయినట్టే.

గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో గూడబాతులూ కొంగలూ ఊరిని ఆనుకునే గూళ్లు కడతాయి. అక్కడ 55-250 ఎంఎం వంటి మామూలు జూమ్‌తో పగటి వెలుగులో మంచి ఫొటోలే వస్తాయి. కొల్లేరు మధ్యలో ఎగిరే పిట్టలకు అది చాలదు. దుకాణాలు ‘డబుల్ కిట్’ పేరుతో ఈ పెద్ద జూమ్‌ను కూడా అంటగడుతుంటాయి. పిట్టల జోలికి వెళ్లని వారి ఇంట్లో అది బీరువా ఎక్కుతుంది. ఆ డబ్బుతో 50 ఎంఎం ఎఫ్/1.8 వస్తుంది. కెనాన్ 2015లో తెచ్చిన ఈఎఫ్ రకం చాలాకాలంగా పది వేల రూపాయలకు అటూఇటూగా దొరుకుతూ వచ్చింది. కెమెరాల లోకంలో అంత తక్కువకు అంత పనిచేసే వస్తువు మరొకటి చూపించడం కష్టం.

ఇక్కడ చిన్న మెలిక ఉంది. చౌక కెమెరాల్లో సెన్సర్ పాత ఫిల్మ్ ఫ్రేమ్ కన్నా చిన్నది కాబట్టి 50 ఎంఎం లెన్సు నికాన్, సోనీల మీద 75, కెనాన్ మీద 80 ఎంఎంలా కనిపిస్తుంది. ముఖచిత్రాలకు అది హాయి. ఇరుకు గదిలో ఇంటిల్లిపాదినీ తీయాలంటే వెనక గోడ తగులుతుంది. అలాంటివారికి 35 ఎంఎం మేలు. నికాన్ 2009లోనే ఈ సెన్సర్ కోసం 35 ఎంఎం ఎఫ్/1.8 లెన్సును తెచ్చింది. అది పాత ఫిల్మ్ కెమెరా మీద 50 ఎంఎం చూపేంత మేరే చూపుతుంది. 1948 జనవరిలో గాంధీజీని హత్యకు కొన్ని గంటల ముందు కలిసిన ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే-బ్రెసాన్ జీవితమంతా ఎక్కువగా నమ్ముకున్నది ఆ 50నే.

కెమెరా ఐదారేళ్లకు పాతబడుతుంది, మంచి లెన్సు పదిహేనేళ్లు పనిచేస్తుంది. కాబట్టి తొలి కెమెరా కొనడమంటే నిజానికి ఒక మౌంట్‌ను, అంటే లెన్సు తగిలించే కొక్కేన్ని ఎంచుకోవడం. సంబంధం కలుపుకునేటప్పుడు చూసినంత జాగ్రత్తగా దాన్ని చూడాలి. కెనాన్ 2012లో ఈఎఫ్-ఎం మౌంట్‌తో చిన్న కెమెరాలు తెచ్చింది. వాటిలో 2018 నాటి ఎం50 యూట్యూబ్ కుర్రకారుకు బాగా నచ్చింది. 2023 వచ్చేసరికి ఆ వరసకే తెరపడింది. ఆ లెన్సులు కొత్త ఆర్ఎఫ్ మౌంట్‌కు అమరవు. అదే కంపెనీ 1987లో మొదలుపెట్టిన ఈఎఫ్ లెన్సులు మాత్రం అడాప్టర్ తగిలిస్తే ఇవాళ్టి ఆర్ఎఫ్ కెమెరా మీద కూడా పనిచేస్తాయి. సోనీ ఈ మౌంట్ 2010 నుంచి ఉంది, దానికి సిగ్మా, టామ్రాన్ వంటి ఇతర కంపెనీల చౌక లెన్సులు దండిగా దొరుకుతాయి. కెమెరా అందచందాల కన్నా ఈ జాబితానే ముందు చదవాలి.

చేతిలో పాతిక వేలే ఉన్నవారికి దారి మూసుకుపోలేదు. పాత డీఎస్ఎల్ఆర్ బజారు నిండా ఉంది. 2020 తర్వాత కెనాన్ గానీ నికాన్ గానీ కొత్త డీఎస్ఎల్ఆర్ తేలేదు. స్టూడియోలవాళ్లు మిర్రర్‌లెస్‌కు మారుతూ పాతవి వదిలించుకుంటున్నారు. ఢిల్లీ చాందినీ చౌక్‌లోని కూచా చౌధరిలో, ముంబై బోరా బజార్‌లో, ప్రతి జిల్లా కేంద్రంలోనూ ఉండే ఫొటో సామగ్రి దుకాణాల్లో వాటిని చేత్తో పట్టి చూసి కొనుక్కోవచ్చు. నేర్చుకోవడానికి అంతకన్నా మంచి బడి లేదు.

కాకపోతే గోతులున్నాయి. నికాన్ డీ3000, డీ5000 శ్రేణి కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు. చౌకగా వచ్చిందని పాత 50 ఎంఎం ‘డి’ రకం లెన్సు తెచ్చి తగిలిస్తే కూర్చుంటుంది కానీ ఆటోఫోకస్ పనిచేయదు. లెన్సు పేరులో ఏఎఫ్-ఎస్ అని ఉందో లేదో చూడాలి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టుకుందో అడగాలి. డీ5600 షట్టర్‌ను నికాన్ పరీక్షించింది లక్ష క్లిక్కుల వరకే. ఒక్క పెళ్లిళ్ల సీజన్‌లోనే పదుల వేలు దాటించే స్టూడియో కెమెరాను కొనేటప్పుడు ఈ అంకె ముఖ్యం.

అన్నిటికన్నా ముఖ్యం బూజు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రపు ఊళ్ల గాలిలోని తేమకు లెన్సు అద్దాల మధ్య సాలెగూడులాంటి బూజు పడుతుంది. పైనుంచి చూస్తే కనిపించదు. రంధ్రాన్ని పూర్తిగా తెరిచి వెనక నుంచి టార్చి వేస్తే దొరికిపోతుంది. బాగా ముదిరితే అద్దం పూతను తినేస్తుంది, శుభ్రం చేసినా మచ్చ పోదు. కొన్నాక కూడా ముచ్చటపడి తోలు సంచిలో దాచకూడదు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. గాలి చొరబడని వంటింటి ప్లాస్టిక్ డబ్బా, అందులో రెండు సిలికా జెల్ పొట్లాలు చాలు. పొట్లాలు తేమ తాగి రంగు మారాక వేడి చేసి ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి.