పాట నడుస్తోంది, బొమ్మ ఆగింది

కంప్యూటర్‌లో పాట వినబడుతూనే ఉంటుంది, తెర మీద బొమ్మ మాత్రం ఉన్నచోటే నిలిచిపోతుంది. మౌసు ఎంత తిప్పినా లాభం ఉండదు. అప్పుడు మనోళ్ళు చేసే మొదటి పని పవర్ బటన్ గట్టిగా నొక్కిపట్టడం. రెండోది, ‘ఫార్మాట్ కొట్టిద్దాం’ అనడం. ఆ రెండూ కాసేపు పక్కనబెట్టి ఇట్లా వచ్చి కూర్చోండి పిల్లలూ. ఇయ్యాల ముచ్చట ఈ ఆగిన బొమ్మ గురించే.

ఈ ముచ్చటకు మూలం మేడారం జాతర, మీకు తెలిసిందే. రెండేళ్ళకోసారి వస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు చేరుకుంటారు. ఆ నాలుగు రోజులూ తాడ్వాయి అడవి దారుల్లో బండ్లు లేపే దుమ్ము అంతా ఇంతా కాదు. ఫొటో తీసి అక్కడికక్కడే ప్రింటు చేతిలో పెట్టేవాళ్ళకు అదే సీజను. ఒక డేరా, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, పక్కన జనరేటరు. నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, తూకం వేయించుకున్నవాళ్ళు ఆ ఫొటో లేకుండా ఇంటికి పోరు కదా. మా వాడ పిల్లగాడొకడు అట్లాంటి కొట్టు నడిపి, జాతర అయ్యాక సిస్టమ్ మోసుకొచ్చాడు.

“తాతా, ఫొటోషాప్ తెరిచి పనిచేస్తుంటే హ్యాంగ్ అయితాంది. ఫార్మాట్ కొడితే అయిపోతదా?”

“ఆగు బిడ్డా. ఆగిపోయింది కంప్యూటరా, బొమ్మేనా? ముందు అది చెప్పు.”

వాడు నా మొహం చూశాడు. ఆ తేడా చాలామంది పట్టించుకోరు. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

మామూలు తెరకు అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20,73,600. ఒక్కో చుక్క రంగుకు నాలుగు బైట్లు వేసుకుంటే ఒక బొమ్మకు దాదాపు 83 లక్షల బైట్లు. ఈ బొమ్మ గ్రాఫిక్స్ కార్డు మెమరీలో ఒకచోట తయారై ఉంటుంది. దాన్ని ఫ్రేమ్ బఫర్ అంటారు. కార్డులోనే ఉండే వేరే విభాగం ఒకటి ఆ బఫర్‌ను మొదటి నుంచి చివరిదాకా చదివి కేబుల్ గుండా మానిటర్‌కు పంపుతుంది. సెకనుకు 60 సార్లు. అంటే సెకనుకు సుమారు 50 కోట్ల బైట్లు! మీరు ఏమీ చేయకుండా తెర వైపు చూస్తూ కూర్చున్నా ఈ పని ఆగదు.

బొమ్మ గీసేది ఒకరు, దాన్ని చదివి పంపేది ఇంకొకరు అన్నమాట. బడిలో పంతులు నల్లబల్ల మీద లెక్క వేస్తూ వేస్తూ కునుకు తీశాడనుకోండి, పిల్లలు ఆ సగం లెక్కనే మళ్ళీ మళ్ళీ ఎక్కించుకుంటూ పోతారు. తెర నల్లబడకుండా పాత బొమ్మతోనే నిలిచిపోవడానికి కారణం ఇదే. బాణం గుర్తును చాలా కార్డులు విడిగా ఉంచుకుని చివర్లో బొమ్మ మీద అతికిస్తాయి. అందుకే ఒక్కోసారి వెనక అంతా బిగుసుకుపోయినా బాణం ఒక్కటే తిరుగుతుంటుంది.

పాట దారి వేరు. అది ప్రాసెసర్ నుంచి సౌండు చిప్పుకు పోతుంది, గ్రాఫిక్స్‌తో దానికి సాధారణంగా పని లేదు. పాట సాఫీగా నడుస్తుంటే ప్రాసెసర్ బతికే ఉంది. అదే ‘ట్ట ట్ట ట్ట ట్ట’ అని ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ మోగుతుంటే సంగతి వేరు. చివరగా పడిన ధ్వని ముక్కనే సౌండు చిప్పు తిప్పి తిప్పి వాయిస్తోంది, కొత్త ముక్క ఇచ్చేవాడు లేడు. అప్పుడు మొత్తం కంప్యూటరే నిలిచిందని అనుమానించాలి. పాట పెట్టుకోలేదా? క్యాప్స్ లాక్ నొక్కండి. కీబోర్డు మీద దీపం వెలిగి ఆరుతుంటే లోపల ప్రాణం ఉన్నట్టే.

ప్రాణం ఉంటే విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, ‘బి’ నాలుగూ ఒక్కసారి నొక్కండి. తెర ఒక్క క్షణం నల్లబడి వస్తుంది. గ్రాఫిక్స్ డ్రైవర్‌ను కొత్తగా లేపడమన్నమాట. తెరిచిన ఫైళ్ళు సాధారణంగా పోవు. మన పిల్లగాడికి ఇది తెలిసుంటే జాతరలో అన్నిసార్లు పవర్ బటన్ నొక్కేవాడు కాదు.

ఇదే పనిని విండోస్ తనంతట తానే కూడా చేస్తుంది. విస్టా కాలం నుంచి లోపల ఒక కాపలా ఉంది. కార్డుకు ఇచ్చిన పని రెండు సెకన్లలో కదలకపోతే కార్డును రీసెట్ చేసి డ్రైవర్‌ను మళ్ళీ నిలబెడుతుంది. ఆ సంగతి ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబరు కింద రాసిపెడుతుంది. ఎంతకూ లేవకపోతేనే నీలి తెర. పిల్లగాడి సిస్టమ్ తెరిచి చూస్తే 4101లు వరసగా ఉన్నాయి. కంప్యూటర్ తన రోగం తానే రాసిపెట్టుకుంది, చదివినవాడు లేడు. ఫార్మాట్ కొట్టి ఉంటే ఆ రాతలు కూడా పోయేవి!

ఇక కార్డుకు కునుకు ఎందుకు పడుతోంది? మొదటి అనుమానం డ్రైవర్ మీద. ఫొటోషాప్ లాంటివాటి ఆజ్ఞలను కార్డుకు అర్థమయ్యేలా మార్చి అందించే సాఫ్ట్‌వేర్ అది. చిన్నదేమీ కాదు. లైనక్స్ కెర్నల్‌లో ఏఎమ్‌డీ కార్డుల డ్రైవర్ ఒక్కటే 50 లక్షల వరుసలు దాటింది, అందులో పెద్దభాగం యంత్రంతో రాయించిన పట్టికలే అనుకోండి. ఏఎమ్‌డీకీ, ఎన్విడియాకీ మన హైదరాబాద్‌లోనూ ఇంజనీర్లున్నారు. ఎంతమంది చూసుకున్నా అంత రాతలో తప్పులు దొర్లుతాయి. కొత్త డ్రైవర్ పడ్డాకే గొడవ మొదలైతే డివైస్ మేనేజర్‌లో ‘రోల్ బ్యాక్’ నొక్కి పాతదానికి పోండి. లేదంటే సేఫ్ మోడ్‌లో డ్రైవర్ పూర్తిగా తీసేసి, కార్డు కంపెనీ సైటు నుంచే తెచ్చి వేయండి. ‘మీ డ్రైవర్లన్నీ పాతబడ్డాయి’ అని బెదిరించే ప్రకటనల జోలికి మాత్రం పోకండి.

కంప్యూటర్ ఆన్ చేయగానే, విండోస్ ఇంకా రాకముందే రంగు గళ్ళూ గీతలూ కనబడితే డ్రైవర్‌ను తిట్టి లాభం లేదు. అప్పటికి అది లోపలికే రాలేదు. కార్డు మెమరీయో, కేబులో, మానిటరో చూసుకోవాలి. మదర్‌బోర్డు మీదే డిస్‌ప్లే పోర్టు పనిచేస్తుంటే కార్డు తీసేసి అక్కడ తగిలించి చూడండి. సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

మన పిల్లగాడి బొమ్మ మొదట్లో బాగానే ఉండి, అరగంట పనిచేశాక ఆగుతోంది. అంటే వేడి. డబ్బా విప్పితే కార్డు ఫ్యాను రెక్కల మీద ఎర్రటి పూత, హీట్‌సింక్ సందుల్లో దుమ్ము గట్టిగా పట్టింది. గాలి ఆడకపోతే చిప్పు 80, 90 డిగ్రీలకు ఎగబాకుతుంది. మొదట వేగం తగ్గించుకుంటుంది, అయినా వేడి తగ్గకపోతే తప్పులు చేస్తుంది. వైరు పీకి, బ్రష్‌తో దులిపి, బ్లోయర్ కొట్టాం. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. గాలికి విచ్చలవిడిగా తిరిగితే బేరింగులు దెబ్బతింటాయి, పైగా మోటారు కాస్తా జనరేటరై బోర్డులోకి ఎదురు కరెంటు తోస్తుంది.

దులిపాక చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. పెద్ద ఫొటో మీద పని మొదలెట్టగానే ఎప్పుడో ఒకసారి ఆగుతోంది. ఈసారి కరెంటు అందించే చౌకరకం ఎస్ఎమ్‌పీఎస్ దొరికిపోయింది. మదర్‌బోర్డు స్లాటు కార్డుకు 75 వాట్లదాకా ఇస్తుంది, ఆరు పిన్నుల వైరు ఇంకో 75 ఇస్తుంది. పని ఒక్కసారిగా మీదపడితే కార్డు అంతా లాగుతుంది. ఆ క్షణంలో ఎస్ఎమ్‌పీఎస్ ఇచ్చే 12 వోల్టులు 11.4 కంటే కిందికి జారకూడదు. ఇక్కడ జారుతోంది. మంచిది మార్చాక మళ్ళీ 4101 పడలేదు.

ఇంటర్నెట్‌లో ఒక చిట్కా తిరుగుతుంటుంది, రిజిస్ట్రీలో ‘టీడీఆర్ డిలే’ అనే ఆ కాపలా గడువును రెండు సెకన్ల నుంచి పదికి పెంచమని. కార్డు నిజంగానే పెద్ద లెక్క వేస్తూ ఆలస్యం చేస్తుంటే అది పనికొస్తుంది. దుమ్ముకో, కరెంటుకో ఆగుతుంటే మాత్రం అదే బొమ్మను ఇంకో ఎనిమిది సెకన్లు ఎక్కువసేపు చూస్తూ కూర్చుంటారు, అంతే.