అలివేలు ఎక్కడి పేరు?

అలివేలు అంటే అర్థం అడిగితే చాలామంది ‘తుమ్మెదల్లాంటి నల్లటి జడ గలది’ అంటారు. అది అలివేణి. ఇంకొందరు దాని పాత రూపం అలమేలులో ‘మేలు’ ఉంది కదా, మేలు చేసే తల్లి అంటారు. రెండూ కావు.

అసలు పేరు తమిళం: అలర్‌మేల్ మంగై. అలర్ అంటే విచ్చిన పువ్వు, మేల్ అంటే పైన, మంగై అంటే పడుచు. తామరపువ్వు మీద కొలువైన లక్ష్మి. తిరుమల స్వామి వక్షాన ఉన్న అమ్మను తమిళ వైష్ణవ కవి నమ్మాళ్వారు తన తిరువాయ్‌మొళిలో ఈ మాటతోనే చెప్పాడు. తిరుచానూరు పద్మావతీ ఆవిడే. ఈసారి వెళ్లినప్పుడు అమ్మవారి పైచేతులు చూడండి, రెండింటిలోనూ తామరలే.

తమిళం అనగానే పరాయిదనుకోవద్దు. మన కావ్యాల్లోనూ అలరు అంటే పువ్వే. పూలవిల్లు పట్టిన మన్మథుడు అలరువిల్తుడు. ‘పైన’ అనే మేలు మేలుముసుగులో, మేలుకట్టులో ఇప్పటికీ ఉంది. అందుకే ఈ పేరు తెలుగు నోటికి ఇట్టే పట్టింది. రకారం జారి, చివర ఉకారం చేరి అలమేలు అయింది. అన్నమయ్య (1408–1503) కీర్తించింది ఈ అలమేలుమంగనే. మామయ్యను మావయ్య, మామిడిని మావిడి చేసిన నోరే అలమేలును అలివేలు చేసింది. దాన్ని మోటు పేరనేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. అంకెలు కుదరలేదని, ఇంగ్లీషు స్పెల్లింగు కలిసిరాదని ఇలాంటి పేరు మానుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఇన్ని వందల ఏళ్లు నోళ్లలో నానిన పేరుకు ఇంగ్లీషు అక్షరాల లెక్కతో ఏం పని?

ఈ పేరును మూడు బోగీల రైలనుకోండి. ముందు రెండూ అలమేలుగా సాగిపోయాయి. కానీ మనిషి కూర్చున్నది మూడో బోగీలో! వట్టి అలమేలుకు మాటకు మాట అర్థం చెబితే ‘పువ్వు మీద’ అనే వస్తుంది, ఎవరున్నారో తెలియదు. విడిపోయిన మూడో బోగీ మంగమ్మగా సొంత దారి పట్టి, 1984 నాటి ‘మంగమ్మగారి మనవడు’ సినిమా దాకా వచ్చింది. అందులో మనిషి ఉంది, పువ్వు లేదు. మంగను మంగళకు కురచ రూపమనుకునేవాళ్లు ఈ బోగీ ఎక్కడ తెగిందో చూడలేదు. కొన్ని ఇళ్లలో దానికి కొత్త బోగీ తగిలించి మంగతాయారు అన్నారు. తాయారు అంటే తల్లి, వైష్ణవులు లక్ష్మీదేవిని పిలిచే తమిళ మాట.