సేవాజీవి డాక్టరు కుగ్లరు



“నా జీవితమున కర్థమేమి? నేను చేయదగిన పని యేది?” అను ప్రశ్న ఆలోచనగల ప్రతి స్త్రీ మనస్సునను ఎప్పుడో యొకప్పుడు పొడసూపును. ఏదో గొప్ప పిలుపు వినవచ్చుననియు, అంతట మార్గము తనంతట తానే కనబడుననియు మనము తలంతుము. కాని కోరిన పని దొరకనినాడు, చేతికి వచ్చిన పనిని ప్రేమతో చేయుటయే ఆ మార్గమునకు మొదటి మెట్టని ఒక స్త్రీ జీవితము మనకు చెప్పుచున్నది. ఆమె గుంటూరు పట్టణమున నలువదియేండ్లకు పైగా పాటుపడిన డాక్టరు అన్నా సారా కుగ్లరు.

ఈమె 1856వ సంవత్సరమున అమెరికా దేశమందలి పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించెను. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట వింతగా దోచిన ఆ కాలమున, ఆ రాష్ట్రమందలి స్త్రీల వైద్యకళాశాలలో చదివి 1879లో పట్టము పొందెను. పిమ్మట నారిస్‌టౌనులోని మానసిక రోగుల ఆసుపత్రిలో ఉద్యోగము చేసెను. స్వదేశమున నిలుకడయైన వృత్తి యుండెను. అట్టి సమయమున గుంటూరులోని లూథరన్ మిషనరీ యొకరు వ్రాసిన జాబు ఆమె మనస్సును కదల్చెను. ఇచ్చటి స్త్రీలకు స్త్రీవైద్యురాలి యవసరము ఎంతయో యున్నదని అందలి సారాంశము.

ఆమె తన మతమునకు చెందిన స్త్రీల మిషను సంఘమువారికి తన కోరిక తెలిపెను. కాని వైద్యసేవ ప్రారంభించుటకు వారింకను సిద్ధపడలేదు. బాలికా పాఠశాలలను చూచుటకును, ఘోషా స్త్రీలకు బోధించుటకును మాత్రమే పంపుదుమనిరి. ఆమె అందులకే సమ్మతించెను. వైద్యపరికరములను మాత్రము విడువక వెంటగొని, 1883 నవంబరులో గుంటూరు చేరెను.

వైద్యురాలు ఉపాధ్యాయిని యయ్యెను! మనలో నెందఱు ఇందులకు చిన్నబుచ్చుకొనకుందురు? ఆమె బడుల పని చూచెను. అందులోనే వీలుచేసికొని రోగులను చూచెను. ఘోషాయందుండు స్త్రీలను పురుషవైద్యునిచే పరీక్షింపజేయుట నాడు మర్యాద కాదు. ప్రసవము కష్టమైనచో మంత్రసానియే దిక్కు. ఆమె చేయి దాటినచో దైవమే దిక్కు. పరదేశపు స్త్రీ తాకినచో మైల యని తలచు కుటుంబములును ఉండెను. ఆ గోడలను వాదముతో గాక, వైద్యముతోనే దాటవలసియుండెను.

1885 చివర సంఘమువారు ఆమెను వైద్యమిషనరీగా నియమించిరి. మఱుసటి యేట చిన్న వైద్యశాల తెఱవబడెను. నడుమ స్వదేశమునకు వెళ్లి, ఆసుపత్రి కొఱకు ధనము పోగుచేసికొని వచ్చెను. 1898లో స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి వెలసెను. తలచిన పని రూపు దాల్చుటకు పదునైదేండ్లు పట్టినది!

ఏలూరు రాజావారు తమ రాణిగారికి అందిన చికిత్సకు కృతజ్ఞులై, రోగుల బంధువులు బసచేయుటకు ఆసుపత్రి కెదురుగా సత్రము కట్టించిరి. వారు హిందువులు, ఆమె క్రైస్తవురాలు. కృతజ్ఞతకు మతభేద మడ్డురాలేదు. 1905లో ప్రభుత్వమువారు ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకము నొసగిరి. 1930 జూలైలో ఆమె గుంటూరులోనే కన్నుమూసెను. ఆసుపత్రి ఆమె పేరనే ప్రసిద్ధి కెక్కినది.

తన సేవకు క్రీస్తుప్రేమయే మూలమని ఆమె దాచలేదు. మతబోధ విషయమున మనలో భిన్నాభిప్రాయము లుండవచ్చును. కాని నొప్పులతో తల్లడిల్లు తల్లి చేయి పట్టుకొన్నప్పుడు ఆమె చూచినది ప్రాణమును, కులమును గాదు. తనవారిని ప్రేమించుట సహజము. తనకు ఏమియు కాని వారిని తనవారిగా నెంచుటయే క్రైస్తవులు చెప్పు ప్రేమలోని కష్టమైన భాగము. ఆ కష్టమునందే ఆమెకు జీవితప్రయోజనము దొరకినది.

మనము సముద్రములు దాటనక్కఱలేదు. చదువురాని పొరుగు పిల్లకు అక్షరములు దిద్దించుట, తోడులేని గర్భిణిని ఆసుపత్రికి తీసికొనిపోవుట, మంచము పట్టిన వృద్ధురాలి చెంత ఒక గడియ కూర్చుండుట: ఇవి యన్నియు గడపకు దగ్గఱనే యున్నవి. గొప్ప పని కొఱకు ఎదురుచూచుచు చిన్నపనిని త్రోసివేయకుడు. డాక్టరు కుగ్లరు గుంటూరులో మొదట చేపట్టిన పని బడిపిల్లల చదువే గదా!